లిల్లీ పూలకు బంగారు పూత

బెంగళూరు ఆఫీసుల్లో ఒక ఇంగ్లిష్ జాతీయం బాగా తిరుగుతుంది: "గిల్డింగ్ ద లిల్లీ". లిల్లీ పువ్వుకి బంగారు పూత పూయడం. ఉన్నదే బాగుంది, దాని మీద ఇంకా హంగులు దేనికి అని చెప్పడానికి వాడతారు. పని అయిపోయిందనుకున్నాక ఎవరైనా "ఇంకొక్కటి కూడా చేద్దాం" అన్నారంటే, మీటింగులో ఎవరో ఒకరు నవ్వుతూ ఈ మాట వదులుతారు. చర్చ అక్కడితో ఆగిపోతుంది. మా టీములో సగం మందిమి తెలుగువాళ్ళమే కాబట్టి, బయటికొచ్చాక దాన్ని మన భాషలోకి దించుకుంటాం: "ఓవర్ చెయ్యొద్దన్నాడు, అంతే."

ఈ జాతీయం నాకు ఇష్టమే. దాన్ని వాడే తీరు చూస్తేనే చిరాకు. ఏది అతి, ఏది కాదు అని తేల్చడానికి అందులో ఒకప్పుడు చక్కని కొలత ఉండేది. ఆ కొలత ఎక్కడో జారిపోయి, ఉత్త మందలింపు మిగిలింది. ఆ కొలతని మళ్ళీ తెచ్చుకోవాలనీ, అందుకు మన తెలుగు సామెత ఒకటీ, ఒక సంస్కృత శ్లోకమూ బాగా పనికొస్తాయనీ నా వాదన.

షేక్స్‌పియర్ పేరు చెప్పి దీన్ని వాడేవాళ్ళున్నారు గానీ, ఆయన ఇలా రాయలేదు. ఆయన రాసింది 'కింగ్ జాన్' నాటకం నాలుగో అంకం రెండో రంగంలో ఉంది. జాన్ రాజు అప్పుడే రెండోసారి పట్టాభిషేకం చేయించుకుని కొలువులో కూర్చుంటాడు. అతనికి ఆ అవసరం ఎందుకొచ్చిందంటే, అన్నగారి కొడుకు ఆర్థర్ బతికే ఉన్నాడు, సింహాసనం న్యాయంగా ఆ కుర్రాడిదేననే వాళ్ళూ ఉన్నారు. కుర్రాణ్ణి చెరలో పెట్టినా రాజుకి గుబులు తీరలేదు. అందుకని ఇంకోసారి కిరీటం. సభలో ఉన్న ప్రభువులకి ఇది నచ్చలేదు. సాలిస్‌బరీ ప్రభువు రాజు ఎదుటే అంటాడు: మేలిమి బంగారానికి మళ్ళీ బంగారు పూత పూయడం, లిల్లీకి రంగు వేయడం, వయొలెట్ పువ్వు మీద అత్తరు చల్లడం, మంచుగడ్డని నున్నగా చేయబోవడం, ఇంద్రధనుస్సుకి ఇంకో రంగు కలపడం, కొవ్వొత్తి పట్టుకెళ్ళి సూర్యుణ్ణి సింగారించబోవడం, ఇవన్నీ దుబారా, నవ్వులాటగా తేలే అతి అని.

ఆ జాబితాని ఇంకోసారి నెమ్మదిగా చదవండి. బంగారానికి బంగారం ఇస్తున్నారు. రంగున్న పువ్వుకి రంగు, వాసనున్న పువ్వుకి వాసన, నున్నటి మంచుకి నునుపు, వెలుగుకి వెలుగు. ప్రతిచోటా జరుగుతున్నది ఒకటే. ఆ వస్తువు దగ్గర ఏది పుష్కలంగా ఉందో అదే దానికి మళ్ళీ ఇస్తున్నారు. రాజుకి రాజరికం మళ్ళీ ఇవ్వడం లాంటిదే ఇది కూడా. సాలిస్‌బరీ కొలత ఇదీ, చాలా కచ్చితమైన కొలత.

తర్వాత జనం నోట్లో రెండు బొమ్మలు కలిసిపోయాయి. మొదటి దాంట్లోంచి పూత, రెండో దాంట్లోంచి లిల్లీ తీసుకుని అతికేశారు. 1821లో వచ్చిన 'డాన్ జువాన్' కావ్యం మూడో సర్గలో ఇంగ్లిష్ కవి బైరన్ షేక్స్‌పియర్ మాటని ఇంకా సరిగ్గానే ఉటంకించాడు, బంగారానికి పూత, లిల్లీకి రంగు అనే రాశాడు. ఆ తర్వాతే ఈ అతుకుడు మాట స్థిరపడింది. కానీ లిల్లీకి బంగారం లేదు కదా! లేనిది ఇవ్వడాన్ని కూడా ఇప్పుడు అతి అనేయొచ్చు. బాగున్న దాన్ని ఎవరు ముట్టుకున్నా తప్పే అయింది. కొలత జారిపోయిందని నేనన్నది ఇక్కడే.

మన దగ్గర "పసిడికి తావి అబ్బినట్టు" అంటాం. బంగారానికి పరిమళం అబ్బడం. చదువుకున్నవాడికి వినయం కూడా ఉంటే, మంచి గొంతున్న మనిషికి సాహిత్యం మీద కూడా పట్టుంటే ఈ మాట వాడతాం. పూర్తిగా మెచ్చుకోలు. పైపైన చూస్తే ఇంగ్లిష్ వాళ్ళు అలంకారాన్ని వెక్కిరిస్తున్నట్టు, మనం నెత్తిన పెట్టుకుంటున్నట్టు అనిపిస్తుంది. ఒకసారి క్యాంటీన్‌లో నా పక్కన కూర్చున్న కుర్రాడు అదే అన్నాడు, "అందుకే మన పెళ్ళిళ్ళు అలా ఉంటాయి" అని. కానీ షేక్స్‌పియర్ జాబితా పక్కన పెట్టి చూస్తే ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు. బంగారానికి మెరుపుంది, రంగుంది, విలువుంది. లేనిదల్లా వాసన. తావి అబ్బితే దానికి కొత్తగా ఒకటి వచ్చి చేరుతుంది. పసిడికి పసిడి పూస్తే మనవాళ్ళూ నవ్వేవాళ్ళే.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో కనిపించే మాటలు రాయడం. బటన్ మీద ఏముండాలి, పేమెంట్ ఫెయిలైతే స్క్రీన్ మీద ఏం చెప్పాలి లాంటివి. ఇంతకుముందు పనిచేసిన చోట ఒక మీటింగు జరిగింది. డబ్బు కట్ అయి ఆర్డర్ పడకపోతే "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అని మాత్రమే వస్తోంది. డబ్బు వెనక్కి వస్తుందా, ఎప్పుడొస్తుంది, మళ్ళీ కట్టాలా వద్దా అన్నది ఎక్కడా లేదు. ఆ రెండు వాక్యాలు చేరుద్దామన్నాను. "గిల్డింగ్ ద లిల్లీ" అన్నారు. అదే మీటింగులో అరగంట తర్వాత, యాప్ తెరవగానే లోగో తిరిగే యానిమేషన్ ఉంది కదా, దానికి మెరుపులు కూడా కలపాలని తీర్మానం అయింది! అప్పటికే తిరుగుతున్న లోగో అది. అప్పటికే మెరుస్తోంది. సాలిస్‌బరీ ఆ గదిలో ఉంటే ఏ పని చూసి నవ్వేవాడో చెప్పక్కర్లేదు. నేను అడిగిన రెండు వాక్యాలు ఆ స్క్రీన్ మీద లేనివి. డబ్బు పోయిందేమోనని టెన్షన్ పడుతున్న మనిషికి కావలసినవి.

ఈ రకం అన్యాయం ఇంగ్లిష్‌కే పరిమితమని నేననను. మనకీ ఒకటుంది. "అతి సర్వత్ర వర్జయేత్" అని పెద్దవాళ్ళు అననిదే ఏ ఇంట్లోనూ ఒక వారం గడవదు. ఆ శ్లోకంలో చివరి పాదం మాత్రమే అందరికీ నోటికి వస్తుంది. ముందున్న మూడూ చదివితే ఇబ్బందిగా ఉంటుంది. వాడుకలో ఉన్న ఒక పాఠం ప్రకారం, "అతి రూపేణ వై సీతా, అతి గర్వేణ రావణః, అతి దానాద్ బలిర్బద్ధో". అతి అందం వల్ల సీత, అతి గర్వం వల్ల రావణుడు, అతి దానం వల్ల బలి చిక్కుల్లో పడ్డారట. కాబట్టి అతి ఎక్కడా పనికిరాదట. గర్వాన్నీ అందాన్నీ ఒకే తక్కెడలో వేశాడు శ్లోకకర్త. రావణుడు చేసిన దానికి రావణుడి గర్వం కారణం, ఒప్పుకుంటాను. ఎత్తుకుపోబడిన మనిషి అందాన్ని కూడా కారణాల్లో రాయడం ఏమిటి? అతిని పరిమాణంతో కొలిస్తే వచ్చే ఇబ్బంది ఇదే. "ఎంత ఉంది" అని మాత్రమే అడిగితే, ఎక్కువ ఉన్న ప్రతివాళ్ళూ నేరస్థులే అవుతారు.

ఈ నగరంలో పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళలో ఉండే మన అమ్మాయిలు ఈ మాట వినీ వినీ అలిసిపోయి ఉంటారు. గట్టిగా నవ్వితే ఓవర్, పండగకి పట్టు చీర కట్టుకుని ఆఫీసుకొస్తే ఓవర్, వాట్సాప్‌లో రెండు బొమ్మలు ఎక్కువ పెడితే ఓవర్. జడలో మూర మల్లెపూలు పెట్టుకుని మెట్రో ఎక్కినందుకు "ఏంటి, పెళ్ళా?" అనిపించుకున్న స్నేహితురాలు నాకుంది. మల్లెపూలు మెట్రోలో ఎవరికి ఏం ఎక్కువయ్యాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సాదాగా ఉండడమే సంస్కారం అనేది కూడా ఒక అభిరుచే. మిగతా అభిరుచుల మీద తీర్పు చెప్పే అధికారం దానికెవరూ ఇవ్వలేదు.

అలంకారం అంటే మనకున్న ఆలోచన ఇంతకంటే లోతైనది. పదకొండో శతాబ్దపు కాశ్మీర కవి క్షేమేంద్రుడు ఔచిత్యం గురించి రాస్తూ, వడ్డాణం మెడకీ, హారం నడుముకీ పెట్టుకుంటే ఎవరు నవ్వరు అని అడుగుతాడు. నగలు తగ్గించమని ఆయన అనడు. ఏది ఎక్కడ అన్నదే ఆయన ప్రశ్న. దీన్ని కళ్ళతో చూడాలంటే కుమారకృప రోడ్డులో ఉన్న చిత్రకళా పరిషత్తుకి వెళ్ళి మైసూరు సంప్రదాయ చిత్రాల ముందు కాసేపు నిలబడాలి. వాటిలో నిజమైన బంగారు రేకు వాడతారు. సన్నగా ఉబ్బెత్తుగా వేసిన ముద్ద మీద రేకుని అద్దుతారు. తంజావూరు బొమ్మల్లో ఆ ఉబ్బు మందంగా, రాళ్ళు పొదిగి ఉంటుంది. మైసూరు వాటిలో పల్చగా, దాదాపు గీతలాగా ఉంటుంది. రెండింట్లోనూ బంగారం నగలకీ, అంచులకీ, కిరీటానికీ, మంటపానికీ దక్కుతుంది. అమ్మవారి ముఖానికి మాత్రం రంగే. బంగారం చవకైతే ముఖానికీ పూసేవాళ్ళని నేననుకోను.

ఇక అసలైన లిల్లీల దగ్గరికి వద్దాం. మనం లిల్లీ పూలు అని మూరల్లెక్కన కొనేవి ఇంగ్లిష్ వాళ్ళ లిల్లీలు కావు. అవి ట్యూబ్‌రోజ్ పూలు, మెక్సికో నుంచి వచ్చిన మొక్క. ఇక్కడ కన్నడంలో సుగంధరాజ అంటారు. ఈ పువ్వుకీ బెంగళూరుకీ దగ్గర సంబంధం ఉంది. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ దీంట్లో కొత్త రకాలు తయారుచేసింది. శృంగార్, సువాసిని, వైభవ్, ప్రజ్వల్ అని పేర్లు పెట్టారు. పేర్లు పెట్టినాయన ఎవరో గానీ రసికుడు. ఒంటిరేకు రకాలు దండలకి, ముద్దగా ఉండేవి కాడలతో సహా గుత్తులకి బాగుంటాయి. సాయంత్రం అయ్యేకొద్దీ ఈ పూల వాసన పెరుగుతుంది. మన ముహూర్తాలు రాత్రిపూట పడినప్పుడు మంటపంలో ఏ అగరుబత్తీ వెలిగించాల్సిన అవసరం లేదు.

మా మేనత్త కూతురి రిసెప్షన్ ఇక్కడే జరిగింది. వేదిక నిండా లిల్లీ దండలు, వాటి మీద బంగారు రంగు స్ప్రే. నిజంగానే లిల్లీకి పూసిన బంగారు పూత! మా ఆఫీసు వాళ్ళకి ఫోటో పంపుదామనుకున్నాను, ఎందుకులే అని ఊరుకున్నాను. దగ్గరికెళ్తే పెయింటు వాసన. సువాసినిని ఏరి తెచ్చుకుని సువాసన చంపేశారు. డెకరేషన్ అతను చిత్తూరు వైపువాడు, మాటకారి. "ఇదెందుకండీ?" అంటే తడుముకోకుండా చెప్పాడు. "తెల్లపూలు ఎల్‌ఈడీ లైట్లకి ఫోటోలో తేలిపోతాయి మేడమ్. వెనక తెర కూడా తెల్లదే కదా. స్ప్రే కొడితే పువ్వు పువ్వుగా పడుతుంది."

ఆలోచిస్తే అతని మాటలో బలముంది. నా కొలత ప్రకారమే వాదిస్తున్నాడు. పువ్వులో లేనిదే, అంటే కెమెరాకి కనిపించే గుణం, అతను ఇస్తున్నాడు. అది పసిడికి తావి కాదా? కాదని నేను అనడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, లేనిది ఇచ్చే పేరుతో ఉన్నదాన్ని తీసేశాడు. తావి అబ్బిన బంగారం మెరుపు కోల్పోదు. రెండు, ఆ లోటు పువ్వుది కాదు, తెల్ల తెరది. తెర ఆకుపచ్చదో మెరూన్‌దో పెట్టుంటే ఆ పూలు ఫోటోలో కూడా బ్రహ్మాండంగా పడేవి. ఒకచోట చేసిన ఎంపిక వల్ల పుట్టిన లోటుని ఇంకోచోట స్ప్రేతో పూడుస్తున్నాం. ఆఫీసుల్లో కూడా సగం హంగులు ఇలా పుట్టినవే.

జాన్ రాజుది కూడా ఇదే కథ. లోటు కిరీటంలో లేదు, ఆర్థర్ విషయంలో ఉంది. దాన్ని ఇంకో కిరీటంతో పూడ్చబోయాడు. నాటకం ముందుకెళ్తే ఆ ప్రభువులే అతన్ని వదిలి ఫ్రెంచి యువరాజు వైపు చేరిపోతారు. అయిదో అంకం మొదట్లో జాన్ తన చేత్తో కిరీటం తీసి పోప్ ప్రతినిధి చేతిలో పెట్టి, మళ్ళీ అతని చేతుల మీదుగా అందుకుంటాడు. లెక్క చూస్తే మూడోసారన్నమాట.

ఆడపిల్ల తండ్రిని ఆ రాజుతో పోల్చి నవ్వాలని మాత్రం నాకు లేదు. మామయ్యకి ఉన్నది వేరే రకం గుబులు. ఊళ్ళో పెళ్ళి చేశాక ఇక్కడ రిసెప్షన్ పెట్టడం అతి అని నేననను. ఊరికి రాలేని సహోద్యోగులకీ, అపార్ట్‌మెంట్ వాళ్ళకీ అదొక్కటే అవకాశం. తర్వాత రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్ళి సంతకాలు పెట్టడమూ అతి కాదు. ఎన్ని మంత్రాలు చదివినా వీసా వాళ్ళకి కాగితమే కావాలి. కానీ అప్పుచేసి మరీ వంటకాల సంఖ్య పెంచింది అదే హాల్లో కూర్చున్నవాళ్ళ నోళ్ళకి భయపడి. రేపు "మరీ ఓవర్‌గా చేశార్లెండి" అనేదీ, తగ్గిస్తే "పిసినారి" అనేదీ ఆ నోళ్ళే. సాలిస్‌బరీ రాజు ముఖం మీద అన్నాడు, అందుకు అతనికి దమ్ముండాలి. మనం మాత్రం ఎదురుచెప్పలేని వాళ్ళ మీద ఈ మాట విసురుతాం.

పోతే, షేక్స్‌పియర్ చెప్పనిది ఒకటి మన శ్లోకంలో ఉంది. చాణక్య నీతిలో చెబుతారు: "వృథా వృష్టిః సముద్రేషు, వృథా తృప్తేషు భోజనం, వృథా దానం ధనాఢ్యేషు, వృథా దీపో దివాపి చ." సముద్రంలో కురిసిన వాన, కడుపు నిండినవాడికి పెట్టిన భోజనం, ధనవంతుడికి చేసిన దానం, పట్టపగలు పెట్టిన దీపం దండగ. చివరిది చూశారా, సూర్యుడికి కొవ్వొత్తి పట్టిన సాలిస్‌బరీ మాట లాంటిదే! ఉన్నదానికే మళ్ళీ ఇవ్వడమనే కొలతా అదే. కానీ సాలిస్‌బరీ నవ్వి ఊరుకుంటాడు. ఈ శ్లోకం వింటే మాత్రం వాన పడని చేను గుర్తొస్తుంది, అన్నం లేనివాడు గుర్తొస్తాడు. ఇక్కడ ఎక్కువైంది ఎక్కడో తక్కువైందన్న స్పృహ అందులో ఉంది. అతి గురించి మాట్లాడుకోవాల్సి వస్తే నేను "అతి సర్వత్ర" పక్కన పెట్టి దీన్నే ఎత్తుకుంటాను.

"తృప్తేషు భోజనం" అన్నదానికి మన నగరమే ఉదాహరణ. 2012లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇక్కడి కళ్యాణ మంటపాలు సర్వే చేసి, పెళ్ళిళ్ళలో ఏడాదికి సుమారు 943 టన్నుల మంచి భోజనం వృథా అవుతోందని లెక్కగట్టారు. ఎందుకవుతుందో ఏ పెళ్ళికెళ్ళినా కనిపిస్తుంది. చాట్ కౌంటర్, దోసె కౌంటర్, పాస్తా కౌంటర్ తిరిగొచ్చేసరికి కడుపు నిండిపోతుంది. అప్పుడు అసలు భోజనం మొదలవుతుంది. పప్పు, గోంగూర, ముద్దపప్పు ఆవకాయ దగ్గరికి వచ్చేవాడికి ఆకలి ఉండదు. వడ్డించుకున్నది వడ్డించుకున్నట్టే బుట్టలోకి పోతుంది. వంటకం ఒక్కొక్కటీ విడిగా చూస్తే అతి అనిపించదు, అన్నీ రుచిగానే ఉంటాయి. అందుకే ఇక్కడ రుచి గురించి వాదించడం దండగ. ఆకలి ఉన్నప్పుడు ఎవరికి ఏం దొరికింది అని అడగాలి.

ఇప్పుడు మేనత్త రెండో కొడుక్కి సంబంధం కుదిరింది. రిసెప్షన్ మళ్ళీ ఇక్కడే. ఈ వాదనంతా ఆవిడ ముందు పెట్టాను, షేక్స్‌పియర్‌ని తీసేసి. పూల మీద స్ప్రే వద్దన్నదానికి వెంటనే ఒప్పుకుంది. ఆవిడకీ ఆ పెయింటు వాసన పడలేదట, అప్పుడు చెప్పలేకపోయిందట. తెర రంగు నన్నే చూడమంది. పాస్తా కౌంటర్ తీసేయడానికి పెళ్ళికొడుకు ఒప్పుకోవాలి, అక్కడ బేరం నడుస్తోంది. "పూతరేకులు మాత్రం ఉండాల్సిందే అమ్మాయ్, వాడి ఆఫీసు వాళ్ళు ఎప్పుడు చూశారు, ఎప్పుడు తిన్నారు?" అంది. లేనివాళ్ళకి లేనిది పెడుతున్నారు కాబట్టి నా లెక్క ప్రకారం అడ్డు చెప్పడానికి ఏమీ లేదు. ఆత్రేయపురం నుంచి ఎవరు తెస్తారన్నదే ఇంకా తేలలేదు.